పుట్టుక చెరిపిన చమురు

ముడిచమురుకి పుట్టుమచ్చలుంటాయని సూరాడ పోలేశ్వరి చెబితే గవ్వలపేటలో నవ్వేవారు. ఎక్కడ తవ్వినా నల్లగా, జిగటగా ఒకేలా ఉండే దాంట్లో మచ్చలేమిటని వాళ్ల నవ్వు. కానీ ఉంటాయి. కోట్ల ఏళ్ల కిందట ఏ సముద్రం అడుగున ఏ నాచు చచ్చి చమురుగా మారిందో, దాని గుర్తులు కొన్ని అణువుల రూపంలో అలాగే మిగిలిపోతాయి. ఒక్క చుక్క యంత్రంలో వేస్తే తెర మీద కొండల వరసలాంటి గీత పడుతుంది. ఏ దేశపు బావికి ఆ దేశపు గీత. తొమ్మిదేళ్ల కిందట విశాఖ తీరంలో మడ్డి వదిలేసి పారిపోయిన ఓడని పోలేశ్వరి ఆ గీతతోనే పట్టించింది. జాలర్ల ఊరైన గవ్వలపేటలో పుట్టి డాక్టరేటు తెచ్చుకున్న మొదటి మనిషి ఆమె.

ఇప్పుడు అదే పోలేశ్వరి ఆ గీతని చెరిపేసింది.

"ఇది మీ బావుల్లోంచి తీసిన రోజు," అంది, తెర మీద గీత చూపిస్తూ. ఎదురుగా తార్విన్ దేశం నుంచి వచ్చిన ఇద్దరు అధికారులు, పక్కన ప్రయోగశాల డైరెక్టర్ ముకుందరావు నిలబడి ఉన్నారు. ఆమె రెండో గీత తెచ్చి మొదటిదాని కింద పెట్టింది. "ఇది పంతొమ్మిదో రోజు."

ఎత్తయిన కొండలన్నీ కూలిపోయాయి. వాటి చోట ఎక్కడో దక్షిణాన ఉన్న మరో దేశపు చమురుకి ఉండే కొండలు లేచాయి. పక్కనే గాజు జాడీలో గోధుమరంగు ద్రవం మెల్లగా నురగలు కక్కుతోంది. నాలుగేళ్లు పసిపిల్లల్ని సాకినట్టు సాకిన సూక్ష్మజీవులవి. చమురులో పుట్టుమచ్చ అణువుల్ని మాత్రమే వెతుక్కుని తింటాయి, తిన్నచోట కొత్తవి వదులుతాయి. ఓడలోకి చమురు ఎక్కించేటప్పుడు నాలుగు డ్రమ్ములు కలిపితే చాలు, ప్రయాణం ముగిసేసరికి ఆ చమురు తను ఎక్కడ పుట్టిందో మరిచిపోతుంది. అందుకే దానికి మరుపు అని పేరు పెట్టుకున్నారు.

వచ్చినవాళ్లలో పెద్దాయన గీతకేసి చాలాసేపు చూశాడు. తార్విన్ మీద పెద్ద దేశాలు ఆంక్షలు పెట్టి రెండేళ్లయింది. పాత కొనుగోలుదార్లు తలుపులు మూసుకున్నారు. ఉత్తరానా దక్షిణానా ఉన్న చిన్న దేశాలు కొనడానికి సిద్ధంగానే ఉన్నా, ప్రతి రేవులోనూ పోలేశ్వరి దగ్గరున్నలాంటి యంత్రమే ఉంది. తార్విన్ గీత పడితే ఆ రేవుకి బ్యాంకులు పని చెయ్యవు.

"ఇక మా చమురు ఎక్కడికైనా పోవచ్చు," అన్నాడాయన.

పోలేశ్వరికి తప్పు చేస్తున్నానని అనిపించలేదు. ఆంక్షలు పెట్టిన పెద్ద దేశాలే మూడో చేతి మీదుగా అదే చమురు కొనడం ఆమె తన యంత్రంలోనే ఎన్నోసార్లు చూసింది. నిషేధమంతా లేనివాళ్లకే. లేనివాళ్లకి చవగ్గా డీజిలు దొరికితే పాపమేమిటి? పైగా ప్రపంచంలో ఎవరూ విప్పలేని చిక్కుముడి తను విప్పింది. ఆ గర్వం తక్కువదేమీ కాదు.

నివేదికలో పదకొండో పేజీ మాత్రం ఆమె పట్టుబట్టి రాసింది. చమురు నలభై డిగ్రీలు దాటి వేడెక్కితే ఈ జీవులు దారి తప్పుతాయి. చమురులోని గంధకాన్ని తిని విషవాయువు వదులుతాయి. ఆ వాయువు మనిషినే కాదు, ఇనుమునీ తినేస్తుంది. కాబట్టి చల్లని సముద్రాల్లోనే వాడాలి, అదీ ఇరవై రోజులకి మించకుండా. ముకుందరావు ఆ పేజీ చదివి, "మంచిది. జాగ్రత్తలు చెప్పాల్సిందే," అన్నాడు.

*

ఆ నెలలోనే ఒక ఆదివారం ఆమె గవ్వలపేట వెళ్లింది. తమ్ముడు తవిటిరాజు ఓడ ఎక్కబోతున్నాడు. వేట సరిగ్గా లేక ఆ తీరంలో సగంమంది మగవాళ్లు పడవలు వదిలి పెద్ద ఓడల్లో కూలికి పోతున్నారు. తవిటిరాజు పంపులు నడిపే పని నేర్చుకున్నాడు. ఇంజను చప్పుడు విని దాని జబ్బు చెప్పగల చెయ్యి అతనిది. పోయేలోపల మూడిళ్ల పడవ ఇంజన్లు బాగుచేసి పెట్టాడు.

అతని భార్య నూకాలు ఎండు నెత్తళ్ల కూర వండింది. ముగ్గురూ వసారాలో కూర్చుని తిన్నారు.

"అప్పా, నువ్వు ఇసాపట్నంలో ఏటి సేస్తావో నాకిప్పటికీ తెల్దు," అన్నాడు తవిటిరాజు. "ఆయిలు మరక సూసి ఓడని పట్టీడవే గదా?"

"ఇప్పుడు వేరే పనిలే."

"నాకూ ఆయిలు ఓడే దొరికింది. పేరు మాత్రం ఏజెంటు సెప్పనేదు. ఎక్కినాక తెలుత్తాదంట."

నూకాలు గరిటె పక్కన పెట్టింది. "పేరు సెప్పని ఓడేటి వదినా? ఓ పాలి నువ్వయినా సెప్పు. నా మాటింటాడా ఈ మనిసి?"

పోలేశ్వరి చెయ్యి కంచంలో ఆగింది. పేరు చెప్పని ఓడల గురించి ఆ ఇంట్లో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదు. ముసలి ఓడలవి, తుక్కు కింద కోయాల్సినవి. బీమా ఉండదు, జెండా దొంగది, పేరు ప్రతి రేవు దాటాక మారుతుంది. మరుపు డ్రమ్ములు ఎక్కేది ఆ ఓడల్లోనే. కానీ ఎవరికీ చెప్పనని సంతకం పెట్టింది. సముద్రంలో అలాంటి ఓడలు వందలున్నాయి, అన్నిట్లోనూ తన సరుకే ఉంటుందా అనుకుంది.

"జాగర్తగా ఉండరా," అంది. అంతకుమించి ఒక్క మాట అనలేదు. తరవాత తన మీద తనకి వచ్చిన కోపంలో పెద్ద వాటా ఆ మధ్యాహ్నానిదే.

*

నలభై ఆరు రోజుల తరవాత తవిటిరాజు వీడియో కాల్ చేశాడు. పోలేశ్వరి ప్రయోగశాల క్యాంటీన్‌లో ఉంది. తెర మీద అతని మొహం ఎండకి కమిలి నల్లబడింది. వెనక సముద్రం కదలకుండా మెరుస్తోంది.

"ఏటి అలా అయిపోనావు? ఎక్కడున్నావు?"

"ఏదో దేశం అప్పా, భూమజ్జ రేక కాడ. రేవు కనపడతాదిగానీ లోనికి రానివ్వరు. ఇరవయ్యారు రోజులైనాది లంగరేసి. కొనీవోళ్లు బేరమాడతన్నారంట. ముందు ఉత్తరానికే పోవాలన్నారు, ఆడోళ్లు ఒద్దన్నారని ఇటు తిప్పీసినారు. ఓడకి రెండుసార్లు పేరు మార్సినాం. ఒకసారి నానే రంగేసినాను."

"ఒంట్లో బాగుందా?"

"నాకు బాగానే ఉన్నాది. ఇద్దరు పడిపోనారు. ట్యాంకు మూత తీసి ఆయిలు మచ్చు తియ్యబోతే కళ్లు తిరిగి అక్కడే పడిపోనారు. కుళ్లిన గుడ్ల కంపు అప్పా, వారం రోజులు అన్నం సయించనేదు."

పోలేశ్వరి లేచి నిలబడింది. "ఆయిలు ఎక్కించినప్పుడు అందులో ఇంకేమైనా కలిపారా? డ్రమ్ములు?"

"నీలం డ్రమ్ములు నాలుగు. నాకెలా తెలుసంటే నానే పట్టుకున్నాను. నీకెలా తెలుసు?"

"అదంతా తరవాత," అందామె. "ఆయిలు వేడిగా ఉందా?"

"డెక్కు మీద కాలెట్టలేం. పైగా ఆయిలు సిక్కగైపోనాదని లోపల వేడిగొట్టాలు కూడా తిప్పమన్నారు." అతను చెమట తుడుచుకున్నాడు. "నువ్వు బెంగెట్టుకోకు. నిన్నటినుంచి ఆ వాసన నేదు. పోనాది."

ఆ వాయువు కొంచెంగా ఉన్నప్పుడే కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది. ఎక్కువైతే ముందు ముక్కుని చంపేస్తుంది. వాసన పోవడం అంటే వాయువు పోవడం కాదు.

"తవిటీ, విను. ఆ మూతల దగ్గరికి ఎవరూ పోవద్దు. పంపుల గదిలోకి దిగొద్దు. వేడిగొట్టాలు ఆపమను. మీ కెప్టెన్‌ని పిలు, నేను మాట్లాడతాను. అక్కడ..."

తెర నల్లబడింది. మళ్లీ చేస్తే కలవలేదు. చెప్పాలనుకున్నదంతా మెసేజి రాసి పంపింది. ఒక్క టిక్కు పడింది. రెండోది పడలేదు.

*

ముకుందరావు గదిలోకి ఆమె తలుపు తట్టకుండానే వెళ్లింది.

"పదకొండో పేజీ ఏమైంది?"

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "కూర్చోండి పోలేశ్వరి గారూ."

"పేజీ ఏమైందండీ?"

"అది ఓడలోకి వెళ్లే కాగితాల్లో ఉండకూడదన్నారు వాళ్లు. సోదాలో దొరికితే మొత్తం బయటపడుతుంది కదా. తీసేశాం. తార్విన్ వాళ్లకి నోటితో చెప్పాం."

"ఎవరికి చెప్పారు? సూటు వేసుకుని వచ్చిన ఆ ఇద్దరికా? వాళ్లు దిగుతారా పంపుల గదిలోకి?"

"చల్లని దారి అనే మొదట అనుకున్నాం. ఉత్తరాన ఉన్న కొనుగోలుదార్లు జారుకున్నారు. మిగిలింది వేడి దేశాలే. వ్యాపారం దారి మారితే మనం ఏం చెయ్యగలం?"

"నాకు చెప్పగలరు. ఆపెయ్యమని నేను చెప్పి ఉండేదాన్ని."

"అందుకే చెప్పలేదు," అన్నాడు ముకుందరావు. గొంతు పెంచకుండా, మర్యాదగానే అన్నాడు. ఆ మర్యాదే ఆమె ఒంటికి నిప్పు పెట్టింది.

"ఆ ఓడలో మా తమ్ముడున్నాడు."

ఆయన మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తరవాత చేతులు ముందుకి చాపి, "ఏ ఓడకని చెప్పమంటారు? దానికి పేరే లేదు. ఎక్కడుందో ఎవరికీ కనిపించకుండా సిగ్నల్ ఆపుకుని తిరుగుతుంది. నిజంగానే నా దగ్గర ఏమీ లేదమ్మా," అన్నాడు.

అది నిజమే. అంత పకడ్బందీగా అల్లుకున్నారు. ఎవరినీ పట్టుకోవడానికి వీల్లేకుండా అల్లిన వలలో మనుషులు చచ్చిపోతుంటే, వాళ్లని కాపాడ్డానికీ వీల్లేకుండా పోయింది. పోలేశ్వరి ఓడరేవు అధికారులకీ, నావికుల సంఘానికీ, విదేశాంగ కార్యాలయానికీ ఫోన్లు చేసింది. అందరూ అడిగింది ఒక్కటే. ఓడ పేరేమిటి?

*

పదిహేను రోజుల తరవాత ఓడే గవ్వలపేట వైపుకి వచ్చింది.

ఆ రేవు కూడా బేరం కుదరక వెళ్లగొడితే, ఇంకో కొనుగోలుదారుని వెతుక్కుంటూ ఉత్తరానికి బంగాళాఖాతంలోకి ఎక్కింది. లోపల వాయువు ట్యాంకు గోడల్ని రోజుకింత తింటూనే ఉంది. తీరానికి నలభై మైళ్ల దూరంలో అడుగు రేకుకి చిల్లిపడింది. కోస్టుగార్డు వెళ్లేసరికి ఓడ ఒక పక్కకి ఒరిగి ఉంది. ఇరవై ఇద్దరిలో పదిహేడుమంది ప్రాణాలతో దొరికారు. ఐదు శవాలు తెచ్చారు.

మూడోది తవిటిరాజుది.

బతికినవాళ్లలో ఒక బర్మా దేశస్థుడు వచ్చీరాని హిందీలో నూకాలుకి చెప్పాడు. పక్కనుండి పోలేశ్వరి తెలుగు చేసింది. చిల్లి పడ్డాక కవాటం మూయడానికి పంపుల గదిలోకి తనతో కలిపి ముగ్గురు దిగారు. ఎంతసేపటికీ పైకి రాలేదు. తవిటిరాజు తడిగుడ్డ ముక్కుకి కట్టుకుని దిగి ఇతన్ని భుజాన వేసుకుని పైకి తెచ్చాడు. మిగతా ఇద్దరి కోసం మళ్లీ దిగాడు. మెట్టు మీదే కూర్చుండిపోయాడట.

"ఏటి అంటన్నాడు?" అంది నూకాలు, పోలేశ్వరి చివరి మాట తెలుగు చెయ్యకుండా ఆగిపోతే.

"కూచుండిపోయాడంట. పడుకున్నట్టు."

నూకాలు ఏడవలేదు. భర్త కాళ్లకి అంటిన చమురుని చీర కొంగుతో తుడవడం మొదలుపెట్టింది. అది పోదు. కిరోసిన్ తెచ్చి తుడిచారెవరో. అయినా గోళ్ల సందుల్లో నలుపు అలాగే ఉండిపోయింది.

నాలుగో రోజుకి చమురు తీరానికి చేరింది. కెరటం ఎత్తుగా లేస్తోందిగానీ విరగడం లేదు, బరువుగా ఇసక మీద వాలి అక్కడే ఉండిపోతోంది. పీతలు కన్నాల్లోంచి బయటికొచ్చి నల్లబడి ఆగిపోయాయి. గుడ్లు పెట్టడానికి వచ్చిన తాబేళ్లు గుట్టలుగా కొట్టుకొచ్చాయి. వలలు పనికిరాకుండా పోయాయి. సముద్రంలోకి దిగొద్దని పోలీసులు తాడు కట్టారు. ఆ చుట్టుపక్కల పదకొండు పేటల్లో పొయ్యి వెలిగించాలంటే ఎవరైనా తెచ్చి ఇవ్వాల్సిందే.

*

విచారణ తుఫాను షెల్టర్‌లో పెట్టారు. ఫ్యాన్లు చప్పుడు చేస్తున్నాయి. కింద చాపల మీద పేటల జనం, ముందు బల్లల దగ్గర అధికారులు. పొల్యూషన్ నిపుణులుగా ముకుందరావు ప్రయోగశాలనే పిలిచారు. ఆ తీరంలో చమురు గీతలు చదవగలిగింది వాళ్లొక్కరే మరి. నివేదిక తయారైంది. కింద పోలేశ్వరి పేరుంది, సంతకం చోటు ఖాళీగా ఉంది.

"పరీక్షలు నేను దగ్గరుండి చేయించాను," అన్నాడు ముకుందరావు పొద్దున కారు దిగుతూ. "అందులో ఒక్క అబద్ధం లేదు. గీత ఏ దేశానికీ సరిపోలేదు. రెండు బావుల మిశ్రమంలా ఉందని రాశాం. మీ దుఃఖం నాకు తెలుసు. నూకాలు గారికి మా సంస్థ ఏదో ఒకటి చేస్తుంది. సంతకం పెట్టండి."

ఒక్క అబద్ధం లేదు. నాలుగేళ్లు కష్టపడి నిజమే అబద్ధం చెప్పేలా చేసింది తను.

విచారణాధికారిణి నడివయసు మనిషి, విసుగు లేకుండా చదివింది. తార్విన్ ప్రభుత్వం ఈ చమురు తమది కాదని రాసింది. ఓడ మీద ఎగిరిన జెండా దేశం, ఆ పేరుతో తమ దగ్గర ఓడే నమోదు కాలేదంది. కొనబోయిన కంపెనీ తాము ఏదీ ఆర్డరు చెయ్యలేదంది. బీమా కాగితం దొంగది. ఓడ యజమాని చిరునామాలో ఒక మూతపడిన పూలకొట్టు ఉంది.

"చమురు ఎవరిదో తేలితే నష్టపరిహారం అడగడానికి దారి ఉంటుంది," అందామె. "ప్రయోగశాల నివేదిక ప్రకారం దాని మూలం తేల్చడం సాధ్యం కాలేదు."

చాపల మీద గొణుగుడు లేచింది. ఒక ముసలాయన, "మరైతే మా వొడ్డున పడ్డదేటమ్మా? ఆకాసంలోంచి ఊడిపడ్డాదా?" అన్నాడు.

అధికారిణి నివేదికలో పేజీ వెనక్కి తిప్పింది.

పోలేశ్వరి లేచింది. బల్ల దగ్గరికి వెళ్లకుండా జనం మధ్యనే నిలబడింది. ఇరవై ఏళ్లుగా ఆఫీసుల్లో మాట్లాడిన భాష ఆ క్షణంలో నోటికి రాలేదు.

"ఆకాసంలోంచి కాదు తాతా. నా జాడీలోంచి."

ముకుందరావు కుర్చీలోంచి లేచాడు. "మేడమ్, ఆవిడ తమ్ముడు ఈ ప్రమాదంలో..."

"ఆయన్ని కూర్చోమనండి," అంది పోలేశ్వరి అధికారిణితో. "వీళ్లు చమురులో పుట్టుమచ్చలు వెతికారు. నేను చెరిపినవి వెతికితే దొరుకుతాయా? వాటిని తిని చెరిపిన సూక్ష్మజీవులు ఇంకా అందులోనే ఉన్నాయి, వాటిని వెతకలేదు. నేను వెతికాను. మూడు రోజులుగా మా ఒడ్డున మడ్డి తెచ్చి, విశ్వవిద్యాలయంలో అరువడిగిన సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. బతికే ఉన్నాయి. వాటి జన్యువులో ఒక ముక్క కత్తిరించి ఇంకో ముక్క కుట్టాను. ఆ కుట్టు నా చేతిది. ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. విశ్వవిద్యాలయం వాళ్లు విడిగా పరీక్షించి రాసిచ్చిన కాగితం ఇదిగో. మాది కాదనడానికి తార్విన్‌కి నోరుంది. కానీ తార్విన్ వాళ్లు తప్ప ఈ జీవుల్ని ఎవరూ కొనలేదు. మేం వాళ్లకి తప్ప ఎవరికీ అమ్మలేదు."

ఆ కాగితం చేతులు మారుతూ అధికారిణి బల్ల మీదకి చేరింది.

"వేడెక్కితే మనుషులు చస్తారని రాశాను. ఆ పేజీ చించేశారు. చించినవాళ్ల పేర్లు చెబుతాను. కానీ చించుతారని నాకు తెలియదా? దొంగ ఓడలోకి జాగ్రత్తల కాగితం ఎవరు ఎక్కనిస్తారు? తెలుసు. తెలిసీ గీత కేసి చూసుకుని మురిశాను. నా తమ్ముడు పేరు లేని ఓడెక్కుతున్నాడని నా ఎదటే చెబితే అన్నం తిని లేచి వచ్చాను."

అధికారిణి కలం కింద పెట్టింది. "డాక్టర్ పోలేశ్వరీ, మీరు చెప్పేది రికార్డులోకి పోతే మొదటి ముద్దాయి మీరే అవుతారు. లాయర్ని పెట్టుకుని మాట్లాడే హక్కు మీకుంది. ఆలోచించుకోండి."

"పోనివ్వండి. సూరాడ పోలేశ్వరి. తండ్రి పేరు దానయ్య. ఊరు గవ్వలపేట. రాసుకోండి."

వెనక చాపల మీంచి నూకాలు లేచింది. జనం తప్పుకుని దారిచ్చారు. వచ్చి పోలేశ్వరి ఎదుట నిలబడింది. ఆమె కళ్లు పొడిగా, ఎర్రగా ఉన్నాయి. చెయ్యెత్తి కొడుతుందని పోలేశ్వరి అనుకుంది. కొడితే బాగుండునని కూడా అనుకుంది.

"నీకు తెలుసన్నమాట," అంది నూకాలు. "ఆ రోజు నాను సెప్పమన్నప్పుడు."

"తెలుసు."

"బతికినన్నాళ్లు నిన్ను నాను సమించను వదినా."

"వద్దు."

నూకాలు ముకుందరావుకేసి తిరిగింది. తల వంచుకుని ఫోనులో ఏదో నొక్కుతున్న అతన్ని తేరిపార చూసింది. అక్కడినుంచి గోడ మీద అతికించిన సముద్రపు మ్యాపుకేసి, బతికినవాళ్లు చెప్పినదాన్నిబట్టి అందులో గీసిన ఓడ దారి ఎర్ర గీతకేసి చూసింది. తరవాత పోలేశ్వరి పక్కనున్న చాప మీద కూర్చుంది, ఇప్పుడప్పుడే లేచేది లేదన్నట్టు కాళ్లు మడుచుకుని.

"మిగిలింది సెప్పు," అంది. "ఒక్క పేరు వొదిలినా ఊరుకోను."

అధికారిణి కలం అందుకుంది. పోలేశ్వరి ముకుందరావు పేరుతో మొదలుపెట్టింది. డ్రమ్ములు ఏ రేవుకి పంపారో, ఎవరు సంతకాలు చేశారో, ఎన్ని ఓడలకి సరిపడా వెళ్లాయో, ఇంకా ఆ సరుకుతో వేడి సముద్రాల్లో తిరుగుతున్నవి ఎన్నో ఒకటొకటే చెప్పుకుంటూ పోయింది. ప్రయోగశాల రసీదుల్లోంచి ఓడకి నాలుగు డ్రమ్ముల లెక్కన ఆమె తేల్చినవి పదిహేడు. నీలం డ్రమ్ములు ఎక్కించుకున్న ఓడ ఏ పేరుతో వచ్చినా వెంటనే ఆపమని సాయంత్రంలోగా అన్ని రేవులకీ సందేశం పోయింది. పోలీసులు వచ్చి పోలేశ్వరిని జీపెక్కమన్నప్పుడు కూడా ఆమె ఇంకా చెబుతూనే ఉంది.